ఆ ఫొటోలో కింద పడ్డవాడి గురించి తిరుగుతున్న పోస్టు: ఎంత నిజం, ఎంత పోపు

పోయిన వారం మా పెదనాన్న కొడుకు ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. మీరూ చూసే ఉంటారు, చూడకుండా ఉండటం కష్టం. బాక్సింగ్ రింగులో ఒకడు వెల్లకిలా పడి ఉంటాడు, చేతులు రెండూ తల వైపుకి పోయి ఉంటాయి. వాడి మీదకి వంగి మహమ్మద్ అలీ కుడిచెయ్యి ఛాతీకి అడ్డంగా మడిచి నోరు తెరిచి అరుస్తుంటాడు. ఫొటో బాగానే ఉంది. బాధంతా దాని కింద రాసిందానితోనే. అదే పోస్టు మూడు రోజుల్లో నాకు ఇంకో రెండు గ్రూపుల్లోంచి వచ్చింది, ఒక్క అక్షరం మారకుండా.

దాని సారాంశం ఇది: "1964. మాఫియా పెంచి పోషించిన 7 అడుగుల రౌడీ సోనీ లిస్టన్. జైలు నుంచి నేరుగా వచ్చి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 22 ఏళ్ల అలీ అతన్ని ఒక్క గుద్దుతో కూల్చి ఛాంపియన్ అయిన క్షణం ఇది. నిజానికి ఆ గుద్దు తగలనే లేదు, లిస్టన్ రెండు మ్యాచులూ మాఫియాకి అమ్మేశాడు. ఆ తర్వాత మళ్ళీ రింగు మొహం చూడలేదు. డ్రగ్స్ ఎక్కువై దిక్కులేని చావు చచ్చాడు. నేరస్థుడి బతుకు ఇంతే."

ఒక్క గుద్దుతో కూల్చాడట, ఆ గుద్దు తగలనే లేదట. ఒకే పోస్టులో రెండు లైన్ల తేడాతో! రాసినవాడు తను రాసింది తనే చదవలేదు, పంపినవాళ్ళు ఎవరూ చదవలేదు. సరే, ఒక్కొక్కటీ చూద్దాం. ముందే చెబుతున్నా, లిస్టన్ దేవుడని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. అతను దారిదోపిడీలు చేశాడు, జనాన్ని కొట్టి డబ్బు లాక్కున్నాడు, ఒక పోలీసుని చితకబాదాడు. అవన్నీ రికార్డులో ఉన్నవే. కానీ "వాడు జైలుకెళ్ళాడు కదా" అన్న ఒక్క మాట చెప్పి, ఆధారం చూపించాల్సిన ప్రతి చోటా తప్పించుకుంటే ఎలా? నాకు మండేది అక్కడే.

"1964లో అలీ ఛాంపియన్ అయిన క్షణం"

కాదు. ఇది 1965 మే 25న అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ల్యూయిస్టన్ అనే చిన్న ఊళ్ళో తీసిన ఫొటో. అప్పటికి అలీ ఛాంపియన్ అయి ఏడాది దాటింది. అతను టైటిల్ గెలిచింది 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో. ఆ రాత్రి లిస్టన్ అసలు కింద పడనే లేదు, ఆరో రౌండ్ అయ్యాక స్టూల్ మీద కూర్చుని ఇక లేవనన్నాడు. రెండు ఫైట్లనీ కలిపి ఒక్కటిగా చేసేశారు, అంతే. ఫొటో తీసింది నీల్ లైఫర్, అప్పుడతని వయసు 22. అలీ కాళ్ళ మధ్యలోంచి అవతలి వైపు ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు చూడండి, పాపం ఆయనకి దొరికింది అలీ వీపు. ఇంకో సంగతి, అలీ అక్కడ గెలిచిన సంబరంలో అరవడం లేదు. లేచి పోట్లాడరా అని తిడుతున్నాడు. అంత తేలిగ్గా పడిపోయాడేంటని అందరికంటే ముందు అతనికే చిర్రెత్తింది.

"7 అడుగులు"

6 అడుగుల 1 అంగుళం. అలీ 6 అడుగుల 3 అంగుళాలు. పొట్టివాడు లిస్టనే! అతని చేతులు మాత్రం మామూలువి కావు, రెండు చేతులూ చాపితే 84 అంగుళాలు. పిడికిలి ఎంత పెద్దదంటే అతనికి గ్లవ్స్ ప్రత్యేకంగా చేయించాల్సి వచ్చేది.

"జైలు నుంచి నేరుగా ఛాంపియన్"

జైలు నుంచి బయటికొచ్చింది 1952 అక్టోబర్‌లో, ఛాంపియన్ అయింది 1962 సెప్టెంబర్‌లో. పదేళ్ళు. దీన్ని నేరుగా అంటే మరి చుట్టుతిరుగుడు ఏది?

ఈ పదేళ్ళ ముందు సంగతి కూడా కాస్త చెప్పాలి. ఆర్కన్సాలో పత్తి చేల మధ్య కౌలు కూలీ ఇంట్లో పుట్టాడు. తండ్రికి ఇద్దరు భార్యల మీద 25 మంది పిల్లలనీ, ఇతను 24వ వాడనీ చెబుతారు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు, 1932 అని కాగితాల మీద ఉన్నా అంతకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడై ఉంటాడని చాలామంది అనుమానం. తండ్రి కొట్టిన కొరడా దెబ్బల మచ్చలు ఛాంపియన్ అయ్యాక కూడా వీపు మీద కనిపించేవి. తల్లి ఇల్లు వదిలి సెయింట్ లూయిస్ వెళ్ళిపోయాక, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లాడు ఒకరోజు పొద్దున్నే లేచి బంధువుల పెకాన్ చెట్టు దులిపాడు. మన అక్రోటు లాంటి కాయలు అవి. అవన్నీ ఏరి బజార్లో అమ్మి, ఆ డబ్బుతో టికెట్ కొనుక్కుని తల్లిని వెతుక్కుంటూ పోయాడు. అంత పెద్ద ఊళ్ళో ఆమె ఎక్కడుందో కూడా తెలియకుండా.

బడిలో కూర్చోబెడితే తనకంటే చాలా చిన్న పిల్లల మధ్య కూర్చోవాలి, వాళ్ళు నవ్వితే మానేశాడు. చదవడం రాయడం జీవితాంతం సరిగా రాలేదు. దోపిడీలు మొదలయ్యాయి. ఎప్పుడూ ఒకే పసుపుపచ్చ చొక్కా వేసుకుని దోచేవాడు కాబట్టి పోలీసులు వాడికి ఎల్లో షర్ట్ అని పేరు పెట్టారు. దొంగతనానికి వెళ్తూ చొక్కా మార్చుకోవాలని కూడా తోచనివాడు ఇతను, పెద్ద మాఫియా బుర్ర అనుకునేరు. 1950లో పట్టుబడ్డాడు, ఐదేళ్ళ శిక్ష, మిస్సోరీ రాష్ట్ర జైలు. అక్కడ ఆటల వ్యవహారాలు చూసే ఫాదర్ స్టీవెన్స్ అనే క్యాథలిక్ మతగురువు అతని చేతికి గ్లవ్స్ ఇచ్చాడు.

ఇక్కడ ఆ పోస్టు రాసినవాడికి తెలియని ముక్క ఒకటుంది. జైలు నుంచి వదిలి ఐదు నెలలు తిరక్కుండానే, 1953 మార్చిలో, లిస్టన్ షికాగో గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో ఎడ్ శాండర్స్‌ని ఓడించాడు. ఎవరీ శాండర్స్? ముందు సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచినవాడు. అమెచ్యూర్ పోటీ, డబ్బు లేదు, పందేల వ్యాపారం లేదు. ఆ రోజు ఒలింపిక్ ఛాంపియన్‌ని మాఫియా ఓడించిందా?

"మాఫియా పెంచి పోషించిన"

దీంట్లో సగం నిజం ఉంది. ఆ సగం నేను దాచను. సెయింట్ లూయిస్‌లో అతని కాంట్రాక్టు గ్యాంగ్‌స్టర్ జాన్ విటాలే చేతుల్లో ఉండేది, తర్వాత అది ఫ్రాంకీ కార్బో, బ్లింకీ పలెర్మో అనేవాళ్ళ దగ్గరికి పోయింది. అమెరికా బాక్సింగ్‌ని ఆ రోజుల్లో చీకట్లోంచి నడిపింది వీళ్ళే. 1960 చివర్లో సెనేట్ కమిటీ ఈ వ్యవహారం మీద విచారణ పెట్టి లిస్టన్‌నీ పిలిచింది. 1956లో పోలీసుని కొట్టి, తుపాకీ లాక్కుని, తొమ్మిది నెలల శిక్ష పడి, 1957 అంతా రింగులోకి దిగకుండా పోయింది కూడా నిజమే.

కానీ "పెంచి పోషించిన" అంటే మాఫియా దయవల్ల పైకొచ్చాడని కదా అర్థం. జరిగింది తలకిందులు. ఆ ముద్ర వల్లే అతనికి టైటిల్ ఫైట్ రాలేదు. 1959, 60ల్లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని రెండుసార్లు, జోరా ఫాలీని, ఎడ్డీ మేచెన్‌ని ఓడించాడు. వీళ్ళతో తలపడటానికి పెద్ద పెద్దవాళ్ళే జంకేవాళ్ళు. అయినా ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్ మేనేజర్ కస్ డమాటో ఒప్పుకోలేదు, మాఫియా మనిషితో ఆడించనన్నాడు. (ఇదే డమాటో తర్వాత దొంగతనాల్లో దొరికి బాలల సంస్కరణాలయంలో ఉన్న ఒక కుర్రాణ్ణి చేరదీశాడు. ఆ కుర్రాడి పేరు మైక్ టైసన్. అది వేరే కథ.) నల్లజాతి హక్కుల కోసం పోరాడే పెద్దలకీ ఇష్టం లేదు, ఇలాంటివాడు ఛాంపియన్ అయితే మన పరువు పోతుందని. న్యూయార్క్ లైసెన్స్ ఇవ్వలేదు. ఇన్ని అడ్డంకులూ ఆ "పోషించిన" మాఫియా పుణ్యమే.

చివరికి ప్యాటర్సన్ స్వయంగా ఒప్పుకున్నాడు. 1962 సెప్టెంబర్ 25, షికాగో. 2 నిమిషాల 6 సెకన్లలో అయిపోయింది. మళ్ళీ 1963 జులైలో లాస్ వేగాస్‌లో రెండోసారి పెట్టారు, ఈసారి 2 నిమిషాల 10 సెకన్లు. ప్యాటర్సన్ నాలుగు సెకన్లు మెరుగుపడ్డాడు అనుకోవాలి.

షికాగోలో గెలిచిన మర్నాడు జరిగింది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా అదోలా ఉంటుంది. లిస్టన్ అప్పటికి ఫిలడెల్ఫియాలో ఉంటున్నాడు. ప్రపంచ ఛాంపియన్ సొంతూరికి వస్తున్నాడు కాబట్టి ఎయిర్‌పోర్టులో జనం ఉంటారని, విమానంలో వస్తున్నంతసేపూ వాళ్ళకి ఏం చెప్పాలో పక్కన కూర్చున్న జర్నలిస్టు జాక్ మెకిన్నీకి చెప్పి చూసుకున్నాడట. ఇకమీదట పద్ధతిగా ఉంటాను, పిల్లలు చూసి నేర్చుకునేలా ఉంటాను, ఇలాంటివి. విమానం ఆగింది. తలుపు దగ్గర నిలబడి చూశాడు. కొద్దిమంది విలేకరులు, ఎయిర్‌పోర్టు పనివాళ్ళు. ఇంకెవరూ లేరు. గుటక మింగి, టై సరిచేసుకుని, టోపీ సర్దుకుని మెట్లు దిగాడు. తర్వాత ఆ ఊరి పోలీసులు అడుగడుగునా ఆపుతుంటే విసిగి డెన్వర్‌కి మకాం మార్చాడు, ఫిలడెల్ఫియాకి మేయర్‌గా ఉండటం కంటే డెన్వర్‌లో దీపస్తంభంగా ఉండటం మేలన్నాడని చెబుతారు.

"మొదటి మ్యాచ్ అమ్మేశాడు"

వాదన ఏంటంటే, పందెంలో 7కి 1 లిస్టన్ వైపు ఉంది, అంతటివాడు భుజం నొప్పి అని కూర్చుండిపోతాడా, ఆడలేక మద్దెల ఓడు అన్నాడు, లేదా డబ్బు తిన్నాడు.

భుజం సంగతి తర్వాత డాక్టర్లు చూశారు, ఎడమచేతి కండరం చిరిగిందని తేల్చారు. అధికారులు ముందు ఆపిన అతని డబ్బు, ఆ రిపోర్టు చూశాకే వదిలారు. ఫ్లోరిడాలో ప్రభుత్వ న్యాయవాది విచారణ జరిపి, అమ్మేసినట్టు సాక్ష్యం లేదన్నాడు. ఇవి కాగితాలు. కాగితాలు నమ్మనంటారా, ఫైటే చూడండి, మొత్తం వీడియో దొరుకుతుంది. మూడో రౌండ్లో క్లే (అలీకి అప్పటికింకా ఆ పేరే) లిస్టన్ కంటి కింద చీల్చేశాడు. నాలుగో రౌండ్ అయ్యేసరికి క్లే కళ్ళల్లో ఏదో పడి మండిపోయి, కనిపించడం లేదు, గ్లవ్స్ కోసెయ్యండి అని తన కార్నర్లో గోల పెట్టాడు. ట్రైనర్ ఏంజెలో డండీ బలవంతంగా రింగులోకి తోశాడు. ఐదో రౌండ్లో లిస్టన్‌ని గమనించండి. కళ్ళు కనిపించనివాడి వెంటపడి, ఉన్న బలమంతా పెట్టి గుద్దుతూనే ఉన్నాడు, సగానికి సగం గాలికే పోయాయి. ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నవాడు, ఎదుటివాడు గుడ్డివాడై దొరికితే ఇంత ఆయాసపడతాడా? ఆరు రౌండ్లు అయ్యేసరికి స్కోరు కూడా సమానం. ఒక జడ్జి 58-56 క్లేకి, ఒకరు 58-56 లిస్టన్‌కి, రిఫరీ 57-57.

నాకు అర్థమైనంతలో ఇది అమ్మకం కాదు, అహంకారం. ప్యాటర్సన్‌ని రెండుసార్లు కలిపి నాలుగున్నర నిమిషాల లోపే పడగొట్టినవాడు, ఈ వాగుడుకాయని రెండు రౌండ్లలో ముగిస్తానని సరిగా ప్రాక్టీసే చెయ్యలేదు. ఆరో రౌండ్ దాకా లాగాల్సి వచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగల్లేదు.

అనుమానించడానికి ఏమీ లేదని అనను. లిస్టన్‌కి వాటా ఉన్న కంపెనీ, ఫైట్‌కి ముందే క్లే తర్వాతి పోటీ హక్కుల్ని 50,000 డాలర్లకి కొనిపెట్టుకుంది. అంటే ఓడినా రీమ్యాచ్ డబ్బు వస్తుంది. ఇది కంపు కొట్టే ఒప్పందమే. 2014లో ఎఫ్‌బీఐ పాత కాగితాలు కొన్ని పత్రికలో వచ్చాయి, వాటిలో కూడా ఒక లాస్ వేగాస్ జూదగాడి మీద అనుమానం రాసుంది, నిరూపణ మాత్రం లేదు. అనుమానం అనండి, నాకు అభ్యంతరం లేదు. "అమ్మేశాడు" అని ముగించకండి. నిరూపణ అయిన అమ్మకం ఎలా ఉంటుందో తెలుసా? జేక్ లమోటా అనే బాక్సర్ 1947లో బిల్లీ ఫాక్స్ చేతిలో కావాలనే ఓడిపోయానని 1960లో సెనేట్ ముందు తన నోటితో తనే చెప్పాడు. అదీ సాక్ష్యమంటే.

"గుద్దు తగలనే లేదు"

ఇప్పుడు అసలు చిక్కుముడి, ల్యూయిస్టన్. ఇక్కడ నేనూ గట్టిగా ఒక పక్కకి ఒరగలేను.

ముందు గుద్దు సంగతి. తగిలింది. ఫోన్లో వీడియోని పావు వేగంలో పెట్టి ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక రాత్రంతా చూశాను, మా ఆవిడ తిట్టింది కూడా. లిస్టన్ ఎడమచేత్తో జాబ్ (చెయ్యి చాపి వేసే సూటి గుద్దు) వేస్తూ ముందుకొస్తాడు, బరువంతా ముందు కాలి మీద ఉంటుంది. అలీ కాస్త వెనక్కి ఒరిగి, ఆ చెయ్యి మీదుగా కుడిచేత్తో కిందికి కొడతాడు. లిస్టన్ తల అదురుతుంది, ఆ ముందు కాలు నేల మీంచి లేస్తుంది. కాబట్టి గాలి గుద్దు కాదు. కానీ అది లిస్టన్ లాంటివాణ్ణి అంతసేపు పడుకోబెట్టే గుద్దా అంటే, నాకూ అలా అనిపించదు. దవడ పగిలాక కూడా నిలబడి చివరిదాకా పోరాడినవాడు అతను, 1954లో మార్టీ మార్షల్‌తో.

దాని తర్వాత జరిగింది మాత్రం కుట్రలా లేదు, ఊరి జాతరలో కుస్తీ పోటీలా ఉంది. రూలు ప్రకారం, నిలబడ్డవాడు న్యూట్రల్ కార్నర్‌కి, అంటే ఇద్దరిలో ఎవరిదీ కాని మూలకి, వెళ్తేనే రిఫరీ పది దాకా కౌంట్ మొదలుపెట్టాలి, ఆ లోపు లేవకపోతే పడ్డవాడు ఓడినట్టు. అలీ పోలేదు, చుట్టూ గంతులేశాడు. రిఫరీ జెర్సీ జో వాల్కాట్, ఒకప్పటి ఛాంపియన్, అలీని తొయ్యడంలో పడి కౌంటే మర్చిపోయాడు. కింద టైమ్‌కీపర్ తన మానాన తను లెక్కపెట్టుకుంటున్నాడు, అది వాల్కాట్‌కి వినపడలేదు. లిస్టన్ లేవబోయి మళ్ళీ పడ్డాడు, చివరికి లేచాడు, ఇద్దరూ మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టారు కూడా! అప్పుడు రింగు పక్కన కూర్చున్న, 'ది రింగ్' అనే బాక్సింగ్ పత్రిక సంపాదకుడు నాట్ ఫ్లైషర్ పది ఎప్పుడో అయిపోయిందని కేకేశాడు. ఆయనకి అక్కడ ఏ అధికారమూ లేదు, చూడ్డానికి వచ్చినాయన. వాల్కాట్ కొట్టుకుంటున్న ఇద్దర్నీ వదిలేసి ఆ మాట వినడానికి వెళ్ళి, తిరిగొచ్చి ఆట ఆపేశాడు. ఒకే నిమిషం పట్టిందని ముందు ప్రకటించారు, తర్వాత 2 నిమిషాల 12 సెకన్లని రాసుకున్నారు. పథకం వేసి చేసేవాళ్ళు కాస్త శుభ్రంగా చేస్తారండీ.

లిస్టన్ కావాలనే లేవలేదా? అయ్యుండొచ్చు. తను లేస్తుంటే అలీ మీదపడి కొడతాడని ఆగానని ఒకసారి చెప్పాడు, అసలు దెబ్బే తగల్లేదని ఇంకోసారి అన్నట్టు ఇంకొకరు రాశారు. అలీకి ఒకప్పటి స్నేహితుడైన నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ హత్య జరిగి మూడు నెలలే అయింది, అలీని చంపడానికి వస్తున్నారని పుకార్లు, ఊరంతా పోలీసులు, జనం రాక హాకీ ఆడే హాల్లో 2,434 మంది మాత్రమే. ఆ టెన్షన్‌లో భయపడి ఉండొచ్చు, విసుగెత్తి ఉండొచ్చు. ఇన్ని "ఉండొచ్చు"ల్లోంచి మీ పోస్టు ఒక్క మాఫియానే ఎందుకు ఏరుకుంది? లిస్టన్ స్థానంలో జైలు మొహం చూడనివాడు పడి ఉంటే, లెక్క తప్పిన రిఫరీ గురించి మాట్లాడుకునేవాళ్ళం.

"మళ్ళీ రింగు మొహం చూడలేదు"

ఇది శుద్ధ అబద్ధం, ఒక నిమిషం వెతికితే తేలిపోయేది. 1966 నుంచి 1970 దాకా ఇంకో 16 ఫైట్లు ఆడాడు, 15 గెలిచాడు. మొదటి నాలుగూ స్వీడన్‌లో, ఎందుకంటే అమెరికాలో లైసెన్స్ ఇచ్చేవాళ్ళు దొరకలేదు. ఓడింది ఒక్కటే, 1969 డిసెంబర్‌లో లియోటిస్ మార్టిన్ చేతిలో. ఆ గెలిచిన మార్టిన్‌కి ఆ ఫైట్లోనే కంటి రెటీనా ఊడి అతని కెరీర్ అక్కడే ముగిసింది. చివరి ఫైట్ 1970 జూన్‌లో చక్ వెప్నర్‌తో, వెప్నర్ మొహానికి పడిన కుట్ల లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. మొత్తం కెరీర్ 54 ఫైట్లు, 50 గెలుపులు, అందులో 39 నాకౌట్లు.

"డ్రగ్స్ ఎక్కువై చచ్చాడు"

1971 జనవరి 5న భార్య జెరాల్డిన్ ఊరినుంచి లాస్ వేగాస్ ఇంటికి వచ్చింది. గుమ్మం ముందు పేపర్లు, పాలసీసాలు పేరుకుపోయి ఉన్నాయి. లోపల పడకగదిలో మంచం కింది వైపున లిస్టన్ పడి ఉన్నాడు, పోయి దాదాపు వారమైంది. ఆ పేపర్ల తేదీలు చూసి డిసెంబర్ 30 అయ్యుంటుందని పోలీసులు అంచనా కట్టారు. ఇంట్లో హెరాయిన్ దొరికింది, రక్తంలో దాని ఆనవాళ్ళూ కనిపించాయి, కానీ చావుకి అదే కారణమని చెప్పేంత లేదు. అధికారికంగా రాసింది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండె ఆగిపోవడం. అతనికి సూదంటే వణుకని స్నేహితులు చెప్పారు, ఎవరో చంపించారని కొందరన్నారు. యాభై ఏళ్ళకి పైగా గడిచినా తేలలేదు. డాక్టరే రాయనిదాన్ని మీరెలా తేల్చేశారు?

"చచ్చినవాడి కళ్ళు చారెడు" అంటాం కదా, లిస్టన్‌కి ఆ మర్యాద కూడా దక్కలేదు. సమాధి పలక మీద పేరు, రెండు సంవత్సరాలు, కింద "ఎ మ్యాన్" అని ఉంటుంది, అంతే. 1991లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అదీ పోయిన ఇరవయ్యేళ్ళకి.

ఇక "నేరస్థుడి బతుకు ఇంతే" అన్న ముక్తాయింపు. దానికి నేను జవాబు చెప్పను, అది వార్త కాదు, తీర్పు. ఇదంతా గ్రూపులో పెడితే మా అన్నయ్య "ఇంత పొడుగు ఎవడు చదువుతాడ్రా" అన్నాడు. సరే, చదవద్దులే అన్నయ్యా. మళ్ళీ ఫార్వర్డ్ చేసేటప్పుడు కనీసం 1964 కొట్టేసి 1965 మే 25 అని పెట్టు, 7 అడుగులు తీసెయ్యి, గుద్దు తగిలిందో లేదో ఏదో ఒకటి ఖాయం చేసుకో.